బార్లీ కాళ్ళు

గావిన్ ట్రాక్టర్ బోల్తా పడి చనిపోయాక వచ్చిన శీతాకాలంలో సౌత్‌లాండ్ ప్రాంతాన్ని వాన వదల్లేదు. నోలా ఆవులకు మేత వేసేది, ఏదో ఒకటి వండుకు తినేది, పడుకునేది. ఏడుపు రాలేదు. రావాలనీ అనిపించలేదు. భర్త గావిన్ గుర్రం బార్లీ, గేటు దగ్గరి బురదలో నిలబడి ఉండేది. నోలా దాని వైపు చూసేదే కాదు.

ఓ ఉదయం పక్క పొలం నుంచి అత్తగారు ఎల్స్‌పెత్ తడుస్తూ వచ్చింది.

"నోలా, ఆ గుర్రం కుంటుతోంది. చూశావా?"

"లేదత్తయ్యా."

"కళ్ళెందుకమ్మా మరి, అలంకారానికా?"

ఇద్దరూ దాన్ని కొట్టంలోకి నడిపించారు. గిట్టల మీద వేలాడే పొడుగు వెంట్రుకలను పక్కకు తీస్తే కింద చర్మమంతా పొక్కులు కట్టి, రసి కారుతోంది. వెనక కాలు వాచి వేడిగా ఉంది. నోలా నీళ్ళ గొట్టం అందుకుంది.

"దించు దాన్ని! రోజూ తడిపితే చర్మం నానిపోదూ? బురద ఎండాక బ్రష్‌తో దులపరా అని వాడికి ఎన్నిసార్లు చెప్పానో. వింటాడా! వాడి గుర్రం తళతళలాడాలి."

"వినడు," అంది నోలా.

"వినడు," అంది ఎల్స్‌పెత్.

ఇద్దరూ అలాగే అన్నారు, అతను ఇంకా ఉన్నట్టు. ఎవరూ సరిదిద్దుకోలేదు.

గావిన్ మురిసిపోయిన ఆ వెంట్రుకలను నోలా కత్తిరించేసింది. గోరువెచ్చని నీళ్ళలో మందు కలిపి పొక్కులు నానబెట్టింది, చుక్క తడి మిగలకుండా తువ్వాలుతో అద్ది ఆరబెట్టింది, లేపనం రాసింది. అత్తగారి వేళ్ళు వంగవు. ఆమె గుర్రం తల పట్టుకుంది.

"ఊడి వచ్చినదే తియ్యి. పీకావా, తన్నేది నిన్నే. నేనిటు వైపున్నాను."

రోజూ అదే పని. అయినా ఒక ఉదయం బార్లీ లేవలేదు. వాపు తొడదాకా ఎక్కింది. నోలా పశువుల డాక్టరుకు ఫోన్ చేసి వచ్చి, గడ్డి మీద అత్తగారి పక్కన కూర్చుంది.

"వాడు పోయిన పొద్దున నేను రొట్టె కాలుస్తున్నాను," అంది ఎల్స్‌పెత్.

"మాడిపోయిందా?"

"లేదు. ఎన్నడూ రానంత బాగా వచ్చింది. అదే నాకు మింగుడుపడటం లేదు."

నోలా గుర్రం మెడ మీద చెయ్యి వేసింది. చేతి కింద ఊపిరి తెలుస్తోంది.

"నాకు ఏడుపు రావడం లేదత్తయ్యా."

"నాకూ రావడం లేదు. ఆ తువ్వాలు ఇలా ఇయ్యి."

డాక్టరు సూదులు వేసి, కొట్టంలో తడి గడ్డి లేకుండా చూడమన్నాడు. మర్నాడు సాయంత్రానికి బార్లీ తూలుతూ లేచి నిలబడింది. నోలా దాన్ని బయటికి వదల్లేదు. గేటు దగ్గర బురద చెక్కేసి, సున్నపురాయి ముక్కలు తెచ్చి పరిచింది. నడుము పట్టేసింది. పట్టేసిందని ఈసారి గమనించింది కూడా.

వసంతానికి పొక్కులు రాలిపోయి కొత్త వెంట్రుకలు వచ్చాయి. వెనక కాలి మీద ఒకచోట మాత్రం రాలేదు, ఇక రావు. కాలు కడిగే పని లేకపోయినా ఎల్స్‌పెత్ పొద్దున్నే వస్తూనే ఉంది. ఎందుకొచ్చావని నోలా అడగలేదు. టీ ఇద్దరికీ పెట్టేది.

అప్పటికి ఆవులు ఈనడం మొదలైంది. ఇద్దరికీ చేతినిండా పని.