ఓర్వో చుట్టూ గోడలు

పొద్దున్నే ఓర్వో హెయిస్కానెన్ వచ్చి కూర్చోగానే అతని బల్ల చుట్టూ గోడలు మొలవడం మొదలయ్యేది. కాఫీ వేళకి మోకాలి ఎత్తు, మధ్యాహ్నానికి తల మునిగేంత. లేత ఆకుపచ్చ చెక్క గోడలు. కాయానీ పట్టణ పురపాలక కార్యాలయంలో గదులన్నీ కొట్టేసి ఒకే హాలు చేసినప్పటి నుంచీ ఇదే వరస. ఓర్వోకి ఆటిజం. పక్కన ఎవరైనా పెన్నుతో బల్ల మీద తట్టినా తలలో మేకు దిగినట్టుండేది. ఆ గోడల మధ్య కూర్చుని ఇళ్ల అనుమతులు చూసేవాడు, భోజనం వేళ తన మూడో నవల రాసుకునేవాడు. ఇంకెక్కడా ఒక్క వాక్యం కూడా వచ్చేది కాదు. సాయంత్రం అతను లేవగానే గోడలు నేలలోకి దిగిపోయేవి. ఊడ్చే ఆవిడ అప్పటిదాకా ఆగేది.

పక్క బల్ల ఐలా గోడ మీదుగా కాఫీ అందించేది.

"ఇంకాస్త పెరిగితే నాకు నిచ్చెన కావాలి. నవల్లో నన్ను చంపేశావా?"

"లేదు. నువ్వు నవల్లో లేవు."

"అలా మొహం మీదే చెప్పాలా?"

"నువ్వే అడిగావు," అన్నాడు ఓర్వో.

ఆ నవంబరులో అతని కూతురు తైమి బడి మానేసింది. తండ్రి పోలికే. కుర్చీలు జరిగే చప్పుడుకి చెవులు మూసుకుని బల్ల కింద దూరేది. ఈ వారం కూడా రాకపోతే దూరాన ఔలులో ఉన్న హాస్టలు బడికి పంపక తప్పదని టీచరు చెప్పింది. తల్లి పోయాక ఇంట్లో ఉన్నది వాళ్లిద్దరే.

"నేను వెళ్లిపోతే ఆదివారాలు ఎవరితో మాట్లాడతావు నాన్నా?"

ఓర్వో ఉన్నమాటే చెప్పాడు. "ఎవరితోనూ మాట్లాడను."

మర్నాడు తైమితో పాటు తానూ బడికి వెళ్లాడు. ఇద్దరూ గుమ్మం దగ్గర బూట్లు విప్పి, మేజోళ్లతో నడిచి చివరి బల్ల దగ్గర కూర్చున్నారు. గోడలు మొలిచాయి. పిల్లలు కుర్చీలు కాస్త జరుపుకుని చోటిచ్చారు. తైమి చెవుల మీంచి చేతులు తీసింది.

గోడ మోకాలి దాకా వచ్చింది. రోజూ ఇక్కడే కూర్చుంటే ఉద్యోగం ఉండదు. తానొక్కడే దాటిపోతే గోడ ఏమవుతుందో తెలియదు. ఇంతవరకూ లోపల రెండో మనిషి కూర్చోలేదు. ఇంకాసేపు ఆగితే దాటడమే కుదరదు.

"వెళ్తున్నావా నాన్నా?"

"అవును."

కాలెత్తి అవతల పెట్టాడు. గోడ దిగిపోలేదు. పిల్ల చుట్టూ మెల్లగా పెరుగుతూనే ఉంది.

తర్వాతి రోజు ఆఫీసులో మధ్యాహ్నమైనా అతని బల్ల చుట్టూ ఏమీ మొలవలేదు. ఫోన్లు, నవ్వులు, ప్రింటరు. ఐలా అలవాటు కొద్దీ కాఫీ కప్పు పైకెత్తి తెచ్చింది. గోడ లేదని చూసి, చెయ్యి దించి, కప్పుని చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టింది.

నవల అక్కడే ఆగిపోయింది. తైమి మాత్రం చలికాలమంతా బడికి వెళ్లింది.

ఒక సాయంత్రం బఠాణీ సూప్ తాగుతూ, "నా గోడకి కిటికీ వచ్చింది నాన్నా," అంది.

ఓర్వో గోడలకి ఎన్నడూ కిటికీ రాలేదు. "అందులోంచి ఏం కనిపిస్తుంది?"

"అందరూ."

ఓర్వో తలలో ఆఫీసు ఇంకా మోగుతూనే ఉంది. అతను చెంచా పక్కన పెట్టాడు.

"ఒక్కొక్కళ్ల గురించీ చెప్పు," అన్నాడు. "మెల్లగా."