చెవి కారడం మానేసిన వారం

దర్జీకి ఎడమచెవి చిన్నప్పటి నుంచీ కారుతూనే ఉంది. కాపురానికొచ్చిన కొత్తలో భార్య కంగారుపడితే, "అది వాడితో పుట్టిందేనమ్మా, పట్టించుకోకు" అని అత్తగారు తేల్చేసింది. దాంతో ఆ చెవి కూడా ఇంట్లో ఒక మనిషిలా చెలామణి అయిపోయింది. నలుగురిలోకి వెళ్ళేటప్పుడు దానికి దూది పెట్టేవాళ్ళు, జలుబు చేస్తే పొరపాటున కూడా కదిలించేవాళ్ళు కాదు.

అలాంటిది ఉన్నట్టుండి ఒకరోజు కారడం మానేసింది. ఆ ఘనత తన వెచ్చని నూనె చుక్కలదేనని అత్తగారు వీధంతా చాటింది. ఇంకేం, పీడ విరగడైందని భార్య మిగిలిన దూదంతా తీసి దిండులో కుక్కేసింది. చీము బయటికి రావడం మానేస్తే లోపలికి దారి చూసుకుందేమోనన్న అనుమానం ఆ ఇంట్లో ఒక్కరికీ రాలేదు.

ముందు తలనొప్పి, ఆ వెనకే జ్వరం, వాంతులు. తర్వాత దర్జీ కత్తెర చేత్తో పట్టుకుని, "అదేదీ, కత్తిరించేది?" అని అడిగాడు.

"చేతిలోనే ఉందిగా!" అని భార్య నవ్వింది. సాయంత్రానికి సూది పేరు, టేపు పేరు కూడా పోయేసరికి ఆమె పరుగున వెళ్ళి ఆటో పిలిచింది.

ఆస్పత్రిలో సర్జనమ్మ స్కాను చూపించి చెప్పింది. "చెవి వెనక ఎముక పుచ్చిపోయింది. అక్కణ్ణించి చీము మెదడులోకి పాకి గడ్డ కట్టింది. పుర్రెకి చిన్న రంధ్రం వేసి లాగేస్తాం. తేరుకున్నాక చెవి డాక్టరు ఆ పుచ్చంతా తొలిచేస్తారు, మళ్ళీ రాకుండా."

"ముందు చెవి బాగుచేస్తే తలలోది దానంతటదే తగ్గదా?" అని అత్తగారు బేరమాడింది.

"ఇల్లు అంటుకుంటే ముందు పొయ్యి ఆర్పుతామా పెద్దమ్మా?"

"బతుకుతాడా?" అంది భార్య.

"బతికించడానికే చూస్తున్నాం. మాటలు ఎన్ని తిరిగొస్తాయో మాత్రం చెప్పలేను."

మొగుడి మాటలంటే ఆమెకి పెద్ద గౌరవమేం లేదు. సగం సణుగుడు, సగం గొప్పలు. అవి లేని ఇంట్లో ఎలా ఉండాలో తలచుకుంటే మాత్రం చచ్చేంత భయమేసింది.

ఆపరేషన్ గది బయట అత్తగారు ముక్కు చీదుతూ, "నా నూనే వాడి కొంప ముంచిందే" అంది.

"నూనె కాదత్తయ్యా. తగ్గిందని సంబరపడి ఊరుకున్నాం చూడండి, అదీ."

గడ్డ లాగేశారు. జ్వరం దిగింది. తలకు కట్టుతో కూర్చున్న దర్జీకి సర్జనమ్మ పెన్ను చూపించింది.

"రాసేది," అన్నాడు.

గడియారం చూపించింది. "టైము చూసేది."

"మరి ఈవిడెవరు?"

భార్య మంచానికి దగ్గరగా జరిగింది. దర్జీ ఆమెను ఎగాదిగా చూశాడు. నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు.

"పేరు రావట్లేదండీ," అన్నాడు. "కానీ ఆ మొహం చూస్తే పొద్దున్నించీ ఏమీ తిన్నట్టు లేదు. నన్ను తర్వాత చూద్దురుగాని, ముందు ఆవిడకేమైనా పెట్టించండి."