మోపు కట్టిన నేరం

చెట్టు పడుతుందని ఎవరూ కేక వెయ్యలేదు. ఆ ఒక్క కేక పడి ఉంటే శకుంతల ఆ పూట ఇంటికి వెళ్ళి పొయ్యి వెలిగించుకునేది.

ముసునూరు దాటి చింతలపూడి వైపు వెళ్తుంటే, మెట్ట మీద మామిడి తోటల వెనకాల హనుమయ్య గారి జామాయిల్ తోట ఉంది. ఒకప్పుడు అదీ మామిడే. కాపు తగ్గిందని పీకించి ఆయన జామాయిల్ వేయించాడు. ఇరవై ఎకరాల్లో అరవై డెబ్భై అడుగుల చెట్లు, తలెత్తి చూస్తే మెడ పట్టేస్తుంది. వాటిని నిలువునా బేరమాడి కొన్నవాడు కలప కాంట్రాక్టరు వెంకటరమణ. ఆయనకి హనుమాన్ జంక్షన్‌లో కర్రల అడితి ఉంది, రోడ్డు మీద నాలుగు లారీలున్నాయి, ఈ ఏడు కొత్తగా ఒక మిషను వచ్చింది.

ఆ మిషను చెట్టు మొదలుని పంజాతో పట్టుకుంటుంది, కోస్తుంది, పడేస్తుంది. కొమ్మలు దువ్వేసి ముక్కలు చేసి వరసగా పేర్చేస్తుంది. రాయప్ప ముఠా పదిమంది పొద్దుటినించి సాయంత్రం దాకా నరికే చెట్లని అది ఒక్క పూటలో మింగేస్తుంది. మగవాళ్ళకి పని పోయింది. బెరడు వలిచే పుష్పవతి మొగుడు గొడ్డలి చూరులో దోపేసి, హైదరాబాదులో అపార్ట్‌మెంట్ల పనికి వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళకి మాత్రం పని మిగిలింది. పేపరు మిల్లు బెరడుతో ఉన్న కర్ర తీసుకోదు, బెరడు వలవడానికి ఇంకా మిషను కంటే మనిషి చేతులే చవక.

రాయప్ప గొడ్డలి పట్టిన రోజుల్లో చెట్టు వాలే ముందు పెద్దగా కేక వేసేవాడు. కింద బెరడు వలిచే వాళ్ళు ఒక్కొక్కరే బదులు పలికితే గాని ఆఖరి దెబ్బ వేసేవాడు కాదు. మిషను నడిపేవాడు అద్దాల గదిలో కూర్చుంటాడు. వాడికి మాట వినపడదు, వాడి మాట బయటికి రాదు.

సాయంత్రం నాలుగింటికి పని దిగే వేళ శకుంతల కొమ్మలు ఏరి మోపు కట్టుకుంటోంది. ఇరవై అడుగుల అవతల పుష్పవతి కత్తి తుడుచుకుంటూ పైకి చూసింది. చెట్టు అటు వాలాల్సింది, ఇటు వాలుతోంది. నోరు తెరిచింది. గొంతు పెగల్లేదు. అంతలోనే నేల అదిరింది.

పుష్పవతి పెళ్ళయిన దగ్గర్నించీ చెడే ఊహించుకుంటూ బతికిన మనిషి. బస్సు ఆలస్యమైతే బోల్తా పడిందనుకుంటుంది. ఫోను మోగితే ఎవరో పోయారనుకుంటుంది. అన్నీ ఊహించుకున్న ఆ మనిషి దీన్ని మాత్రం ఎన్నడూ ఊహించుకోలేదు.

గంటలో పోలీసులొచ్చారు. దగ్గరగా ఉన్నదెవరంటే అందరూ పుష్పవతిని చూపించారు.

"ఆ టైంలో ఏం చేస్తోంది ఆవిడ?"

"మోపు కట్టుకుంటోందండి."

"ఏం మోపు?"

"కొమ్మలండి. పొయ్యిలోకి పుల్లలు."

ఉన్నదే చెప్పింది. బెరడు వలిచిన వాళ్ళకి కొమ్మారెమ్మా చెందడం వాళ్ళమ్మ కాలం నించీ ఉన్నదే. కూలీ అంత తక్కువైనా ఆడవాళ్ళు ఈ పనికి రావడం ఆ మోపు కోసమే. కానిస్టేబులు పేజీ నిండా రాశాడు. "చదువుకున్నావా?" అన్నాడు. "ఏడు దాకా అండి." "అయితే ఇక్కడ సంతకం పెట్టు."

ఆమె చదవగలదు. కూడబలుక్కుని అయినా చదవగలదు. కానీ కళ్ళ ముందు నెత్తుటి మడుగు, తోట అవతలి గట్టున కూతురు సుప్రజ ఎలా ఉందోనన్న దిగులు, ముందు ఖాకీ బట్టలు. కాగితం తన వైపు తిప్పుకోవడానికి కూడా చెయ్యి రాలేదు. ఒక్కో అక్షరం గుండ్రంగా పేరు రాసిచ్చేసింది.

మూడో రోజు శకుంతల మొగుడు నష్టపరిహారం అడగడానికి వెళ్తే వెంకటరమణ కుర్చీలోంచి లేవలేదు. "పనిలో చస్తే ఇస్తారయ్యా. మీ ఆవిడ పుల్లల దొంగతనానికొచ్చింది. నేను చెప్పడం కాదు, మీ ఆడాళ్ళలోనే ఒకరు రాసిచ్చి సంతకం పెట్టారు."

ఆ సాయంత్రం చర్చి ముందు అందరూ చేరారు. గోల గోల అయిపోయింది.

"ఎవత్తె అది?" సీతారావమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. ఆ వాడలో ఆమె నోటికి ఎదురులేదు. "దాని పేరు తెలియాలి నాకు. జుట్టు పట్టుకుని ఈడ్చుకొస్తా."

"ఎవరైతే ఏంటి అత్తా? మనల్ని మనం అనుమానించుకోవాలనేగా ఆ మాట వదిలింది" అంది సుప్రజ. ఇరవై రెండేళ్ళ పిల్ల. నూజివీడులో డిగ్రీ చేసింది, ఉద్యోగం రాక తల్లి పక్కన కూర్చుని బెరడు వలుస్తోంది. "శకుంతల పిన్ని పనిలో చనిపోయిందని ఒప్పుకోవాలి. మనుషులున్నప్పుడు మిషను ఆగాలి. కొమ్మలు మన హక్కని కాగితం మీద పెట్టాలి. ఈ మూడింటికీ ఒప్పుకునేదాకా పని చెయ్యం."

"చెయ్యకపోతే ఇంకో ఊరోళ్ళొచ్చి చేస్తారే!"

"మిషను తగలెట్టేస్తే పోద్దిగా" అని ఓ మగ గొంతు.

అప్పటిదాకా అరుగు మీద చుట్ట నలుపుతూ కూర్చున్న రాయప్ప తల ఎత్తాడు. అరవై దాటినవాడు, మూడు సమ్మెలు చూసినవాడు, రెండింట్లో ఓడినవాడు. "మిషను తగలెడితే మీరు జైలుకి పోతారు, ఆడికి ఇన్సూరెన్సు వస్తది. మిషనుని కాదురా, కర్రని చూడండి. తోటలో బెరడు తీసిన కర్ర ఎన్ని లారీలది పడుంది? మిల్లోడు కొనేది బరువు లెక్కన. ఈ ఎండకి బెరడు లేని కర్ర రోజురోజుకీ తేలికైపోద్ది. తోటలోంచి రోడ్డెక్కడానికి బాట ఒక్కటే. ఆ బాట మీద కూర్చోండి. చెయ్యెత్తొద్దు, మాట తూలొద్దు. మిగతా పని ఎండే చూసుకుంటది."

"మనం ఎండిపోమా బాబాయ్?" అంది సీతారావమ్మ.

"పోతాం. ఎవరు ముందెండుతారో చూడాలి."

పుష్పవతి వెనక వరసలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. చెప్పెయ్యాలని రెండుసార్లు లేవబోయింది. కూతురు మొహం చూసి కూర్చుండిపోయింది.

మర్నాటి నించి ముప్పై ఎనిమిది మంది ఆడవాళ్ళు బాట మీద కూర్చున్నారు. లారీలు వచ్చి హారన్లు కొట్టి వెళ్ళిపోయాయి. తోటలో తెల్లటి దుంగలు ఎండకి పసుపు తిరిగాయి, తర్వాత చివర్లు పగలడం మొదలెట్టాయి. మధ్యాహ్నం వేళ ఆ పగుళ్ళు చిటుక్కుమని వినిపించేవి. వినిపించినప్పుడల్లా సీతారావమ్మ, "పోయింది, ఇంకో కిలో" అనేది. మొదటి రెండు రోజులూ అందరూ నవ్వారు. తర్వాత నవ్వడానికి ఓపిక లేకపోయింది.

మామిడి కోతలు జోరుగా ఉన్న రోజులు. ఏ తోటలోనైనా కాయలు సర్దడానికి మనుషులు కావాలి. కానీ బాట మీద కూర్చున్న ఇళ్ళ వాళ్ళు వెళ్తే, "మీరొద్దమ్మా, మళ్ళీ చెబుతాం" అని పంపేస్తున్నారు. వెంకటరమణ మాట అంతదూరం పాకింది. అయిదో రోజుకి గంజి పల్చనైంది. ఏడో రోజుకి అందరి గొంతులూ పీలగా అయిపోయాయి.

పుష్పవతికి పగలే పీడకలలు వచ్చేవి. లారీ రివర్సులో వస్తే చివర కూర్చున్న సుప్రజ ఏమవుతుంది? కేసు పెడితే ఈ పిల్లకి గవర్నమెంటు ఉద్యోగం వస్తుందా? "లేచి ఇంటికి పోదాం రావే, తల్లీ, తల తిరుగుతోంది నాకు" అని రోజూ ఏదో వంక పెట్టేది. "నువ్వెళ్ళి పడుకో అమ్మా" అనేది సుప్రజ, ఫోన్లోంచి తల ఎత్తకుండా. బాట మీది సంగతులన్నీ వీడియో తీసి, బెరడు వలిచే ఇతర ఊళ్ళ వాళ్ళకి పంపుతోంది ఆ పిల్ల.

ఏడో రోజే మిషను నడిపే పాల్ రాజు వచ్చాడు. చింతలపూడివాడు, ముప్పై ఏళ్ళుంటాయి. దూరంగా నిలబడి చెప్పులు విప్పాడు. సీతారావమ్మ తన చెప్పు చేతిలోకి తీసుకుంది.

"కొట్టండమ్మా. కానీ ఓ మాట వినండి. కింద ఆడాళ్ళున్నారు, ఆపుతానని సూపర్‌వైజరుకి ఫోన్ చేశా. వాళ్ళే తప్పుకుంటార్లే, నువ్వు కానివ్వు అన్నాడు."

"ఆ మాట పోలీసులకి చెప్పావా?" అంది సుప్రజ.

"లేదమ్మా."

"ఏం?"

"భయమేసింది."

"భయమేసిందంట!" సీతారావమ్మ చెప్పు దుమ్ములో విసిరికొట్టింది. "నీ భయానికి ఓ మనిషి పోయిందిరా. ఆవిడ దొంగ కూడా అయింది."

పాల్ రాజు ఏడుస్తూ వెళ్ళిపోయాడు. వాణ్ణి తిట్టనిది పుష్పవతి ఒక్కతే. ఆమె నేలకేసి చూస్తూ గడ్డి పరకలు తుంపుతూ కూర్చుంది.

తొమ్మిదో రోజు పొద్దున్నే జీపు వచ్చింది. వెనకాల వెంకటరమణ కారు, దాని వెనకాల మూడు లారీలు. ఎస్సై దిగి టోపీ సర్దుకున్నాడు.

"లేవండమ్మా, చాలు. ఇది ప్రైవేటు బాట."

ఎవరూ లేవలేదు.

"నా కర్రంతా బెండు అయిపోతోంది సార్! తొందరగా కానివ్వండి!" అని వెంకటరమణ కారు దగ్గర్నించే అరిచాడు.

ఎస్సై ఫైల్లోంచి కాగితం తీశాడు. "ఇదిగో, అందరూ వినండి. 'మృతురాలు శకుంతల కట్టెపుల్లలు దొంగిలించే ఉద్దేశంతో, అనుమతి లేకుండా తోటలో ప్రవేశించి, మోపు కట్టుకొనుచుండగా ప్రమాదవశాత్తు చెట్టు పడి...' నేను రాసుకున్నది కాదిది. మీ మనిషి చెప్పింది. సంతకం కూడా ఉంది. పుష్పవతి."

ముప్పై ఏడు తలలు తిరిగాయి. సుప్రజ తల అందరికంటే ఆఖర్న తిరిగింది.

పుష్పవతి లేచి నిలబడింది. చీర కుచ్చిళ్ళు గట్టిగా పట్టుకుంది.

"సంతకం నాదేనండి. మోపు కట్టుకుంటోందని చెప్పా. దొంగతనమని నేను చెప్పలేదు. మీ వాళ్ళు రాసుకున్నారు, నేను చదవలేదు. చదవడం వచ్చండి. భయమేసి చదవలేదు. తొమ్మిది రోజుల్నించి వీళ్ళ మధ్యనే కూర్చున్నా, భయమేసి వీళ్ళకీ చెప్పలేదు."

"మాట మారుస్తున్నావా? నీ మీద కేసవుద్ది, తెలుసా?"

"తెలుసండి. ఆ రోజు నేనూ కట్టా మోపు. ఆవిడ కంటే ముందే కట్టేశా. ఆవిడ దొంగైతే నేనూ దొంగనే. నా మోపు మా ఇంటి ముందుంది. పెళ్ళయిన కాడ్నించీ కడతానే ఉన్నా. అదే రాసుకోండి."

సీతారావమ్మ మెల్లగా లేచింది. పుష్పవతి దగ్గరకొచ్చి మొహంలో మొహం పెట్టి చూసింది. "తొమ్మిది రోజులు నా పక్కన కూర్చుని నా గంజిలో సగం తాగావు కదే!" అంది. తర్వాత వాడ వైపు నడిచి వెళ్ళిపోయింది. ఆమె వెనక ఇద్దరు, ఆ ఇద్దరి వెనక అయిదుగురు. చూస్తుండగానే బాట ఖాళీ అవుతోంది. వెంకటరమణ లారీ డ్రైవర్లకి చెయ్యి ఊపాడు. ఇంజన్లు గుర్రుమన్నాయి.

అయిపోయింది, అంతా తన వల్లే అనుకుంది పుష్పవతి. సుప్రజ ఆమె వంక చూడటంలేదు. తన చోట తను కూర్చునే ఉంది.

పావుగంట గడిచినా మిగిలినవాళ్ళు బాట వదల్లేదు. అంతలో సీతారావమ్మ తిరిగొచ్చింది. నెత్తి మీద జామాయిల్ పుల్లల మోపు. నేరుగా జీపు ముందుకొచ్చి దభీమని పడేసింది.

"నాదీ రాసుకోండి సార్. మొన్నటి దొంగసొత్తు. కిందటేడుది అయితే వండుకు తినేశాం, బూడిద కావాలంటే తెస్తా."

ఆమె వెనక ఇంకొకరు. ఇంకొకరు. ముసలివాళ్ళు మోయలేక ఈడ్చుకొచ్చారు. శకుంతల అత్త, డెబ్భై ఏళ్ళది, చంకలో ఇమిడేంత కట్ట తెచ్చింది. రాయప్ప ముఠా మగవాళ్ళు కూడా చేతికి దొరికింది పట్టుకొచ్చారు. జీపు ముందు, లారీల ముందు, బాటకి అడ్డంగా నడుమెత్తున పుల్లలు లేచాయి.

"ఏంటిదంతా?" ఎస్సై గొంతు చిన్నబోయింది.

"రికవరీ అండి" అంది సుప్రజ, ఫోను ఎత్తి పట్టుకుని. "నేరం ఒప్పుకుంటున్నాం. సొత్తు అప్పజెబుతున్నాం. ఒక్కొక్కరి పేరూ రాయండి. ముప్పై ఎనిమిది మందికి ముప్పై ఎనిమిది కేసులు. శకుంతల పిన్నిది కలిపితే ముప్పై తొమ్మిది."

అంతమందిని ఎక్కించడానికి బండి లేదు. పది మందిని ఎంచి ఎక్కించారు. మొదటి పేరు పుష్పవతిదే. జీపు కదలాలంటే మోపులు తియ్యాలి, తియ్యడానికి కానిస్టేబుళ్ళు వంగాల్సి వచ్చింది. "మెల్లగా సార్, పేళ్ళు గుచ్చుకుంటాయి" అంటోంది లోపల్నించి సీతారావమ్మ.

బండి కదిలే ముందు సుప్రజ వచ్చింది. తల్లి మొహంలోకి చూడకుండా నీళ్ళ సీసా ఒళ్ళో పెట్టింది. "బీపీ మాత్ర వేసుకున్నావా?" అంది. తల్లి లేదని తల ఊపితే, వెళ్ళి తెచ్చి అరచేతిలో పెట్టింది. అంతే. తిరిగి వెళ్ళి బాట మీద కూర్చుంది. మిగిలిన వాళ్ళు ఆమె పక్కకి జరిగి ఖాళీలు పూడ్చుకున్నారు.

స్టేషన్‌లో ఆ పది మందినీ వరండాలో బెంచీల మీద కూర్చోబెట్టారు. మధ్యాహ్నం దాటింది. ఎవరూ ఏమీ అడగలేదు, ఎవరూ ఏమీ పెట్టలేదు. పుష్పవతి మనసులో జైలు గదులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి.

"అక్కా, భయంగా ఉంది" అంది గుసగుసగా, పక్కనున్న సీతారావమ్మతో.

"నాకు మాత్రం లేదనుకున్నావా? జరుగు, కాలు తొక్కుతున్నావు."

లోపల ఎస్సై ఫోను మోగింది. వెంకటరమణ గొంతు వరండాలోకి కూడా వినపడుతోంది, అంత అరుస్తున్నాడు. ఎస్సై నుదురు రుద్దుకున్నాడు.

"ఎక్కడ? చింతలపూడిలో మీరు కొన్న ఇంకో తోటలోనా? వీడియో చూసి వాళ్ళూనా... మిషను నడిపే పాల్ రాజు కూడా దిగిపోయాడా?" కాసేపు విన్నాడు. కిటికీలోంచి బెంచీ మీది ఆడవాళ్ళని చూశాడు. "సరే, సరే. ముందు అది చెప్పండి. ఎన్ని మోపులు?"