కనకలక్ష్మమ్మ గారి బఠానీల సూపు

"కారం," అంది కనకలక్ష్మమ్మ, చెంచా నోట్లోంచి తీసీ తీయకముందే.

కామేశ్వరి చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. అందులో ఉన్నది పచ్చి బఠానీల సూపు. బఠానీలు, కాసిని పాలు, చిటికెడు ఉప్పు, గోరంత వెన్న. అంతకు మించి ఒక్క రవ్వ ఏదైనా ఉందని రుజువు చేస్తే కామేశ్వరి చెవి కోసి ఇస్తుంది. కారం డబ్బా ఉన్న అలమర వైపు కన్నెత్తి కూడా చూడకుండా, ఊపిరి బిగబట్టి చేసిన సూపు అది. దాన్ని పట్టుకుని కారం అంటుంది. అనేది ఎవరయ్యా అంటే, పెరుగన్నంలోకి కూడా కొరివికారం నంజుకునే మనిషి. కాపురానికి వచ్చిన కొత్తలో కోడలు చేసిన పులుసు నోట్లో పెట్టుకుని, ఇది పసిపిల్లలకా పెద్దవాళ్లకా అని పదిమందిలో అడిగిన మనిషి.

"అత్తయ్యా, ఇందులో కారం లేదు."

"లేకపోతే నా నోరెందుకు మండుతోంది?"

"నోరు పూసింది కాబట్టి మండుతోంది."

"ఇందాక గ్లాసుడు మంచినీళ్లు తాగాను. అప్పుడు మండలేదే." ఆ మాట అని కనకలక్ష్మమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. దుప్పటి కింద మనిషి ఉందో లేదో తెలియనంతగా చిక్కిపోయింది గానీ, మాటలో పదును మాత్రం ఇసుమంత తగ్గలేదు.

ఆవిడకి పుష్యమాసంలో టైఫాయిడ్ వచ్చింది. జ్వరమైతే దిగింది కానీ, మందుల వేడికో ఏమో నోరంతా పూసి, నాలుక మీదా చిగుళ్ల మీదా పుండ్లు లేచాయి. పాలు వెగటు. గంజి వాసన. బార్లీ పేరెత్తితేనే వాంతి. కొత్తపేట డాక్టరుగారు చూసి చూసి, తాజా పచ్చి బఠానీలు మెత్తగా ఉడికించి, రుబ్బి, గుడ్డలో వడగట్టి సూపులాగా ఇవ్వమన్నాడు. తియ్యగా ఉంటుంది, బలం, గొంతు దిగుతుంది అన్నాడు. "నోరు మానేదాకా కారం నీడ కూడా పడనివ్వకండమ్మా. సోమవారానికి కూడా ఏమీ తినకపోతే ఆసుపత్రిలో చేర్చి ముక్కులోంచి గొట్టం వేసి పొయ్యాల్సిందే. ఆ వయసులో అది మంచిది కాదు," అని కూడా అన్నాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి కామేశ్వరికి కంటి మీద కునుకు లేదు.

ఆవిడంటే కామేశ్వరికి ప్రేమా అంటే, ఆ మాట ఎవరూ అడగలేదు, తనూ ఆలోచించలేదు. ఇన్నేళ్లూ ఆ గొంతుతో పోట్లాడుతూనే బతికింది. ఆ గొంతు లేని ఇల్లు ఎలా ఉంటుందో మాత్రం ఊహకి అందేది కాదు. మనిషి కళ్ల ముందు కరిగిపోతుంటే భయం వేసేది. భయం వేసిన కొద్దీ కోపం వచ్చేది. కోపం వచ్చిన కొద్దీ గిన్నెలు చప్పుడయ్యేవి.

"ఏమయిందే?" అంటూ వచ్చాడు లక్ష్మీనరసింహం, ఆవిడ కొడుకు, ఈవిడ మొగుడు. పట్నంబజారులో మిరపకాయల కమీషన్ కొట్టు ఆయనది.

"కారంగా ఉందిట."

"చూసి చెయ్యాలి కదా మరి. వంట చేసిన చేత్తోనే కలిపేసి ఉంటావు. చెయ్యి శుభ్రంగా కడుక్కోవాలి, కామేశ్వరీ. జబ్బు మనిషికి పెట్టేటప్పుడు ఆ మాత్రం జాగ్రత్త ఉండొద్దూ?"

ఆ మాటకి కామేశ్వరి ఒళ్లు భగ్గుమంది. కడుక్కోవడమా? కడిగి కడిగి తన చేతులు నానిన అటుకుల్లా తయారయ్యాయి. మొదటి రోజు సూపు కారం అన్నప్పుడు రోటి మీద అనుమానపడింది. నిజమే, ఆ రోట్లో ఏళ్ల తరబడి పచ్చిమిరపకాయ పచ్చళ్లు నూరారు. సరే, రోలు మానేసింది. పక్క వాటాలో ఉండే జయకుమారి టీచరు కొత్తగా మిక్సీ కొనుక్కుంటే, ఇంకా వాడని చిన్న గిన్నెతో సహా దాన్ని అడిగి తెచ్చుకుంది. కొత్త తపేలా కొంది. కొత్త గరిటె కొంది. వడగట్టడానికి కొత్త మల్లుగుడ్డ చించింది. పొద్దున్నే తలస్నానం చేసి, మడి కట్టుకున్నట్టు ఉతికిన చీర కట్టుకుని మరీ పొయ్యి వెలిగించింది. ఇంట్లో ఎవరికీ కారం వండటమే మానేసింది. రెండు పూటలు చప్పిడి తిన్నాక లక్ష్మీనరసింహం, ఒకరికి జబ్బయితే ఇంటిల్లిపాదికీ పథ్యమా అని కంచం ముందు అలిగాడు. ఇంత చేసినా ఆవిడది అదే మాట. కారం.

మర్నాడు పొద్దున మిగిలిన సూపు వెచ్చబెట్టి జయకుమారికి ఇచ్చింది, రుచి చూడమని. ఆవిడ మిషను స్కూల్లో లెక్కలు చెబుతుంది, మొహమాటానికి అబద్ధం ఆడే మనిషి కాదు.

ఆవిడ రెండు చెంచాలు తాగి, మూడోది తాగకుండా గిన్నె కింద పెట్టింది. "ఏముందండీ ఇందులో? సున్నం కొట్టిన గోడ నాకినట్టుంది."

"కారం ఏమన్నా తగులుతోందా?"

"ఉప్పే తగలటం లేదు, కారం ఎక్కడిదండీ?"

"మా అత్తగారు కారం అంటున్నారు."

జయకుమారి కొంగుతో నోరు తుడుచుకుంది. "పెద్దవాళ్లు కదా. తినడం ఇష్టం లేక ఏదో వంక పెడుతున్నారేమో," అంది జాలిగా.

అదీ సంగతి అనుకుంది కామేశ్వరి. వంక. తను చేసింది కాబట్టి వంక. తను అమృతం కాచి పోసినా ఆవిడ కారం అంటుంది. చచ్చేముందు కూడా కోడలి చేతి వంట బాగుందన్న మాట నోట రాకూడదని ఒట్టు పెట్టుకుని ఉంటుంది. తల ప్రాణం తోకకి వస్తోంది తనకి. ఇంకొక్కసారి కారం అంటే గిన్నె అక్కడే బోర్లిస్తాను అనుకుంది.

ఆ సాయంత్రం కూడా లక్ష్మీనరసింహం కొట్టు నుంచి పెందలాడే వచ్చాడు. చేతిలో బఠానీకాయల సంచీ. పచ్చి బఠానీ ఆ రోజుల్లో గుంటూరులో చలికాలం నాలుగు రోజులే కనబడేది, మిగతా ఏడాదంతా ఎండువే గతి. అది ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని ఆయనే తెచ్చేవాడు. తేవడమే కాదు, ఒలిచేవాడు కూడా. వంటింటి గడప ఏనాడూ తొక్కని మనిషి, మాఘమాసం మిరప సీజనులో భోజనానికి కూడా కబురు పెడితే గానీ రాని మనిషి, కాళ్లు కడుక్కుని, కాఫీ తాగి, చేట ఒళ్లో పెట్టుకుని తల్లి మంచం పట్టె మీద కూచునేవాడు. అమ్మకి నేను చెయ్యగలిగింది ఇదే, అనేవాడు. అది చూసి కామేశ్వరికి ముచ్చట వేసిన మాట నిజమే. పోనీలే, మనిషిలో ఈ మాత్రం మెత్తదనం ఉంది అనుకుంది.

గింజల కోసం పళ్లెం పట్టుకుని ఆ గదిలోకి వెళ్లేసరికి తల్లీకొడుకులు ఏదో చెప్పుకుంటున్నారు. కాయ ఒకటి పుటుక్కున చీల్చి, లేత గింజ ఒకటి ఏరి, లక్ష్మీనరసింహం తన చేత్తోనే తల్లి నోట్లో పెట్టాడు. "తినమ్మా. పంచదారలా ఉంది."

కనకలక్ష్మమ్మ మొహం ఒక్కసారి ముడుచుకుపోయింది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. దుప్పటి అంచు పిడికిట్లో బిగించింది. మెల్లగా నమిలి, మింగి, నవ్వింది.

"తియ్యగా ఉంది నాయనా," అంది.

కామేశ్వరి గుమ్మంలోనే ఆగిపోయింది. తను చేస్తే కారం, ఆయన పెడితే తీపి. ముందు రోషం ముంచుకొచ్చింది. తరవాత ఆ కళ్లలో నీళ్లు గుర్తొచ్చాయి. అప్పుడు చూసింది మొగుడి చేతుల్ని. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మిరపకాయల బస్తాల్లో మోచేతుల వరకూ పెట్టి, కాయలు విరిచి, నలిపి, గింజ రాల్చి, వాసన చూసి బేరగాళ్లకి చూపించే చేతులు. గోళ్ల సందుల్లో ఎర్రగా గీతలు. సబ్బుతో కడిగినా ఆ ఘాటు చర్మాన్ని వదలదు, ఆ పని చేసేవాళ్లకి మాత్రం మంట తెలియదు. పెళ్లయిన కొత్తలో ఆయన చెంప నిమిరితే తనకి తెల్లారేదాకా మండింది. ఇప్పుడు తన చర్మం కూడా మొద్దుబారింది. జయకుమారి నాలుక మాత్రం? ఆవిడా గుంటూరు తిండి తినే పెరిగింది. ఆ పాటి కారం ఈ ఊళ్లో ఎవరి నాలుకకి ఆనుతుంది, పుండ్లు పడ్డ నాలుకకి తప్ప?

ఇంకో సంగతి గుర్తొచ్చేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇప్పుడంటే రెక్కలొచ్చి ఎగిరిపోయారు గానీ, పిల్లలు పసివాళ్లుగా ఉన్నప్పుడు, మిరప సీజను వచ్చిందంటే, నూనె రాసుకుని స్నానం చేస్తే గానీ తండ్రిని వాళ్ల మీద చెయ్యి వెయ్యనివ్వనిది ఎవరో కాదు, ఈ అత్తగారే. ఒరేయ్, ఆ చేతులు దూరం పెట్టు, బిడ్డ ఒళ్లు మండుతుంది అని గుమ్మంలోనే కాపలా కాసేది.

లక్ష్మీనరసింహం చేట పక్కన పెట్టి స్నానానికి వెళ్లేదాకా ఆగింది. పెరట్లో నీళ్ల చప్పుడు మొదలవగానే తలుపు దగ్గరగా వేసి మంచం దగ్గర నిలబడింది.

"మీకు తెలుసు," అంది.

"ఏం తెలుసు?"

"ఆయన చేతుల సంగతి. సూపు ఎందుకు మండుతోందో మీకు తెలుసు."

కనకలక్ష్మమ్మ దుప్పటి అంచు సర్దుకుంది. "మొదటి రోజు తెలీదు. నువ్వే వేశావనుకున్నాను. మర్నాడు వాడు నోట్లో గింజ పెట్టాడు, అప్పుడు తెలిసింది."

"తెలిసీ చెప్పలేదు. ఇంటెడు గిన్నెలు మార్చాను. పొద్దున్నే తలస్నానాలు చేశాను. నన్ను కదా తిట్టిపోశారు ఇన్నాళ్లూ?"

"నిన్ను కాక ఇంకెవర్ని తిట్టను?" అంది ఆవిడ, అందులో తప్పేముందన్నట్టు. ఆ వెంటనే గొంతు తగ్గించింది. "వాడు నా పక్కన కూచుని ఎన్నాళ్లయిందో నీకు తెలుసా, కామేశ్వరీ? చేతులు ముడుచుకుని కూచునే రకం కాదు వాడు. చేతిలో పనుంటేనే కూచుంటాడు. ఆ చేట తీసేస్తే ఏమ్మా ఎలా ఉందని గుమ్మంలోంచే అడిగి కొట్టుకి పోతాడు. నిన్న ఒలుస్తూ ఒలుస్తూ, నాన్న నన్ను మొదటిసారి కొట్టుకి తీసుకెళ్లిన రోజు నీకు గుర్తుందా అని అడిగాడు. గుర్తు లేకేం. అదంతా చెప్పించుకున్నాడు."

"దానికోసం తిండి మానేస్తారా? సోమవారం గొట్టం వేస్తామన్నాడు డాక్టరు. వినలేదూ?"

"విన్నాను. వేస్తే వెయ్యనీ. గొట్టం ముక్కులో వేస్తారు, నోట్లో కాదుగా. అదైతే మండదు."

ఈ మనిషితో ఎలా చావాలి? కామేశ్వరి అరుద్దామని నోరు తెరిచింది, ఏడుపొచ్చింది. పళ్లెం, చేట తీసుకుని విసురుగా వంటింట్లోకి పోయింది. ఆ రాత్రికి ఆవిడ రెండు చెంచాల పాలు తాగి పడుకుంది.

మర్నాడు మధ్యాహ్నం కామేశ్వరి రిక్షా ఎక్కి మార్కెట్టుకి వెళ్లి, నాలుగు బళ్లు తిరిగి, తనే బఠానీకాయలు తెచ్చుకుంది. చేతులకి నూనె పట్టించి, శనగపిండితో రుద్ది రుద్ది కడిగి, వంటింటి వెనక వరండాలో ఒక్కతే కూచుని ఒలిచింది. ఉడికించింది, రుబ్బింది, మల్లుగుడ్డలో పిండింది. వేళ్లు లాగేశాయి. గ్లాసున్నర సూపు దిగింది. దాన్ని మూత పెట్టి దాచేసింది.

సాయంత్రం మొగుడు తెచ్చిన సంచీ అందుకుని, రోజూలాగే చేటలో పోసి ఆయన ఒళ్లో పెట్టింది. కనకలక్ష్మమ్మ కోడలి మొహం వైపు అనుమానంగా చూసింది. కామేశ్వరి ఏమీ తెలియనట్టు నిలబడింది. ఆయన ఒలిచిన గింజలు పట్టుకెళ్లి, తామిద్దరికీ బంగాళాదుంప కూరలో పడేసింది. గదిలోకి వినపడేలా మిక్సీని నాలుగుసార్లు ఊరికే తిప్పింది. దాచిన సూపు వెచ్చబెట్టి, ఎంతసేపు పట్టాలో అంతసేపూ ఆగి, గదిలోకి తీసుకెళ్లింది. తల్లీకొడుకులు ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు.

మొదటి చెంచా నోట్లో పెట్టుకుని కనకలక్ష్మమ్మ కళ్లు మూసుకుంది. మంట కోసం కాచుకుంది. రాలేదు. కళ్లు తెరిచి కోడలి వేళ్ల వంక చూసింది, పచ్చటి మరకలతో వాచి ఉన్నాయవి. మళ్లీ నోరు తెరిచింది. గిన్నె అడుగు కనపడేదాకా కామేశ్వరి పోస్తూ ఉంది, ఆవిడ తాగుతూ ఉంది.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు లక్ష్మీనరసింహం ఆత్రంగా.

"కమ్మగా ఉందిరా," అంది ఆవిడ. "నువ్వు ఒలిచిన గింజలు కదూ."

"చూశావా కామేశ్వరీ? చెయ్యి శుభ్రంగా కడుక్కుని చేస్తే ఎంత బాగా కుదిరిందో?"

కామేశ్వరి గొంతు దాకా వచ్చాయి మాటలు. అత్తగారు తన వంక చూస్తోంది, కన్నార్పకుండా. ఆ చూపులో అహంకారం లేదు, వంకా లేదు. బతిమాలుతోంది. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ కోడల్ని బతిమాలటం అదే మొదలు.

"రేపు ఇంకాసిని ఒలిచిపెట్టరా," అంది కనకలక్ష్మమ్మ కొడుకుతో. "ఇవాళ చాల్లేదు."

అంటే రేపు తను ఇంకాసిని ఒలవాలి. ఒళ్లు మండిపోతుండగా కామేశ్వరి గిన్నె తీసుకుని లేచింది.

"ఒలుస్తారు లెండి, ఎక్కడికి పోతారు," అంది. "లోపల ఇంకో అరగ్లాసు ఉంది, తెస్తానుండండి."