రొమ్ము మీది దొంగ పేరు

నేను ఒక తోలుకోటుని. యుద్ధంలో విమానాలు నడిపేవాళ్ల కోసం పుట్టినదాన్ని. ఇప్పుడు హైదరాబాదులో ఒక పెద్దమనిషి హాల్లో, అద్దాల పెట్టెలో, దీపం కింద వేలాడుతున్నాను. వచ్చినవాళ్లంతా నన్ను చూసి "అబ్బ, ఎంత చరిత్ర!" అంటారు. చరిత్రా, నా బొందా! నేను దొంగసాక్షిని. నాది గుర్రపుతోలే కానీ నాకూ సిగ్గుంటుంది. అందుకే చెప్పేస్తున్నాను, కాస్త వినండి.

అమెరికాలో ఏదో ఊరి కార్ఖానాలో కుట్టారు నన్ను. వీపంతా ఒకే ముక్క, ఎక్కడా అతుకు లేదు. నడుముకూ మణికట్లకూ ఊలు అల్లిక, కాలరు కింద పైకి కనపడని టిచ్ బటన్లు. ఒక కుర్ర పైలటు నన్ను తొడుక్కుని విశాఖ దగ్గరి విమానాల మైదానంలో దిగాడు. వీరగాథలేవో చెబుతాననుకోకండి. రెండేళ్లూ మేం మోసింది ఉత్తరాల మూటలు, మందుల పెట్టెలు. యుద్ధం అయిపోయింది. కుర్రాడు నిక్షేపంగా ఇంటికి బయల్దేరుతూ, తన పేరుపట్టీ ఊడదీసుకుని, నన్ను మాత్రం తన విమానం ఇంజను చూసే ఫిట్టరు గండి సన్యాసయ్య భుజాల మీద కప్పి పోయాడు.

సన్యాసయ్యది అనకాపల్లి. వేలిముద్ర మనిషి. మైదానంలో జోళ్లు కుట్టే అతని చేత తోలుపట్టీ మీద తన పేరు తెలుగులో చెక్కించి, నా ఎడమ రొమ్ము మీద కుట్టించుకున్నాడు. ఆరక్షరాలు. రోజూ నన్ను ఒళ్లో పరుచుకుని, పుల్లతో మట్టిలో ఆ ఆరింటినే దిద్దాడు. నెల తిరిగేసరికి వేలిముద్ర మానేసి సంతకం పెట్టాడు. అతనికి పలకా బలపం అన్నీ నేనే. ఆ తర్వాత నలభై ఏళ్లు లారీల షెడ్డులో పనిచేశాడు. ఎక్కడ సంతకం పెట్టాల్సొచ్చినా ముందు తల వంచి రొమ్ముకేసి ఓసారి చూసుకునేవాడు. షెడ్డులో వాళ్లు ఊరుకుంటారా? "ఏటి సన్యాసయ్యా, నీ పేరు పారిపోనాదేటి, ఎతుక్కుంతన్నావు?" అని ఏడిపించేవాళ్లు. అతను నవ్వేవాడు. ఆ నవ్వుకి నా లోపలి గుడ్డ కూడా వెచ్చబడేది.

సన్యాసయ్య పోయాడు. పదమూడో రోజున వీధిలోకి పాతబట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆవిడ గంప దించింది. సన్యాసయ్య కూతురు పైడమ్మ పాత చీరలూ పంచెలూ తెచ్చి పోసింది. పెద్ద బేసినుకి అవి చాలవంది గంపావిడ. "ఆ మేకుకున్న తోలుకోటు కూడా ఏసెయ్యమ్మా, ఇచ్చేత్తాను." వానాకాలం కదా, బూజు పట్టి కంపు కొడుతున్నాను. పైడమ్మ నన్ను తీసి గంపలో పడేసింది. ఆమెను తప్పు పట్టను. చావింటి పనితో ఒళ్లు హూనమైన మనిషికి మేకు మీదున్నది కోటో గోనెపట్టో ఏం తెలుస్తుంది?

గంపలు మారి, మూటలు మారి, ఎన్నో ఏళ్లకు విశాఖ పాత పట్నంలో రంగనాయకులు దుకాణంలో తేలాను. పాత వస్తువులను గుర్తుపట్టడంలో ఆయన్ని మించినవాడు లేడు, ఆ మాట ఒప్పుకోవాలి. భూతద్దం పెట్టి జిప్పు మీది ముద్ర చూశాడు, మెడ పట్టీ మీది నంబరు చూశాడు, వీపు నిమిరి అతుకు లేదని మురిసిపోయాడు. "అసలు సరుకు!" అని గుమాస్తాని కేకేశాడు. అంతలో ఆయన చూపు నా ఎడమ రొమ్ము మీద పడింది. మొహం చిట్లించుకున్నాడు.

"ఇంజను తుడిచేవాడి పేరుంటే ఎవడు కొంటాడోయ్? పైలటు పేరుండాలి. అందులోనూ చచ్చిపోయిన పైలటైతే మరీ మంచిది."

బ్లేడు తీసుకుని ఆ ఆరక్షరాల పట్టీ కోసేశాడు. తోలు మీద సూది పడితే ఆ రంధ్రాలు పూడవు. అందుకని అవి కనపడకుండా ఇంకాస్త పెద్ద పట్టీ కుట్టించాడు: లెఫ్టినెంట్ హెర్బర్ట్ క్లే. ఇరవై రెండేళ్లవాడట, విమానంతో సహా సముద్రంలో కూలిపోయాడట. కాగితం కూడా టైపు కొట్టించాడు. అలాంటి మనిషి పుట్టనే లేదు. అసలు పాపం ఇక్కడుంది, వినండి. బ్లేడు దిగినప్పుడు బాధపడ్డాను, నిజమే. కానీ వచ్చినవాళ్లు వీరుడి కోటు అని నోరెళ్లబెడుతుంటే నాకు లోపల్లోపల సంబరం వేసింది. లారీ షెడ్డు గ్రీజు మరక యుద్ధంలో అంటిన మరకైపోతే, ఔననే అనుకున్నాను. ఛీ, నా బతుకు!

ఒకరోజు హైదరాబాదు పెద్దమనిషి నన్ను బేరం చెయ్యడానికొచ్చి, కొందామా వద్దా అని ఊగుతూ కూర్చున్నాడు. అప్పుడే గుమ్మం దగ్గర చెప్పులు విప్పుకుని ఒక ముసలావిడ లోపలికొచ్చింది. జుట్టంతా నెరిసిపోయింది. పైడమ్మ!

"బాబూ, పాత కోట్లున్నాయంటే వచ్చాను. ఇది మా నాయినదిలాగుంది. ఒక్కపాలి ముట్టుకోనిత్తారా?" అంది. "నాయిన పోయిన పదమూడోనాడు ఈ కోటిచ్చీసి స్టీలు బేసిను ఒట్టుకున్నాను. మా యమ్మ ఏటీ అన్లేదు. సచ్చిపోయేదాకా ఆ బేసిన్లో సెయ్యి మాత్రం ఎట్టలేదు. కొనీ తాహతు నాకు లేదు బాబూ. ఆయనదే అని తెలిస్తే సాలు. ఒళ్లో ఎట్టుకుని తప్పయిపోనాదని సెప్పుకుంతాను."

రంగనాయకులు ఓసారి పెద్దమనిషికేసి చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"మీ నాన్నగారి కోటు మీద పేరుందామ్మా?"

"ఉంది బాబూ, తెలుగులో. నాకు అచ్చరాలు ఆ పేరుతోనే నేర్పాడు."

"మరి ఇది ఇంగ్లీషు." కాగితం తీసి, ఆ కుర్రాడి చావు మొత్తం చదివి వినిపించాడు. మాట తడబడలేదు.

పైడమ్మ నా పట్టీ మీద వేలు పెట్టింది. ఆ వేలి కిందే సన్యాసయ్య సూదిరంధ్రాలున్నాయి. అమ్మా, నేనే, మీ నాన్న కోటునే అని అరవాలనుంది. తోలుకు నోరేది? ఆమె చెయ్యి తీసేసుకుంది. కళ్లల్లో గిర్రున నీళ్లు తిరిగాయి.

"ఇరవై రెండేళ్లా? అయ్యో, ఆళ్లమ్మ ఎంత ఏడిసిందో!" రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టింది. "పొరపాటున నీది మాదనేసాను నాయినా. ఏటీ అనుకోకు."

లేని మనిషికి పెట్టిన ఆ దండం చూసి పెద్దమనిషి కళ్లు చెమర్చాయి. ఇక ఊగిసలాట లేదు. బేరం కూడా ఆడకుండా చెక్కు రాసేశాడు. నా మీద సాక్ష్యాలన్నిటిలోకీ పైడమ్మ కన్నీళ్లకే ఎక్కువ విలువ కట్టారు.

వెళ్తూ వెళ్తూ ఆమె గుమ్మంలో ఆగింది. "ఇలాటియి ఇంకెక్కడైనా దొరుకుతాయా బాబూ?"

రంగనాయకులు తలెత్తలేదు. చీటీ మీద కాకినాడలో ఒక దుకాణం చిరునామా రాసి చేతికిచ్చాడు.

"మీకు పున్నెముంటాది" అని దాన్ని కొంగున ముడేసుకుంది పైడమ్మ.

మర్నాడు పొద్దున్నే ఆమె కాకినాడ బస్సెక్కి ఉంటుంది. అదే పొద్దున నేను హైదరాబాదు రైల్లో ఉన్నాను.