సైకిల్ షాపు తలుపు

పొద్దున తెచ్చిన మామ్మ మధ్యాహ్నం దాటినా ఇంకా అంబులెన్సు స్ట్రెచర్ మీదే ఉంది. తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రి అత్యవసర విభాగం వరండాలో, గోడ వారగా, ఫ్యాను గాలి తగిలీ తగలని చోట ఆమెను ఆపారు. తల వైపు బేరాలక్క నిలబడి ఉంది.

బేరాలక్క అసలు పేరు జీతం రోజున తప్ప వినపడదు. బట్టల కొట్టు యజమాని కూతురు, మంచినీళ్లు కూడా బేరమాడే తాగుతుందని తోటివాళ్లు పెట్టిన పేరది. అంబులెన్సులో రోగి పక్కన కూర్చుని, ఆక్సిజన్ పెట్టి, కట్లు కట్టి, ఆస్పత్రి దాకా ప్రాణం నిలబెట్టడం ఆమె ఉద్యోగం. దానికి తోడు ఊళ్లో అంబులెన్సు సిబ్బంది సంఘానికి అధ్యక్షురాలు. పదవి ఆమె అడగలేదు. పెద్దవాళ్లతో మాట్లాడటానికి బేరం తెలిసిన మనిషి కావాలని వాళ్లే అంటగట్టారు.

"బండి మాడిపోతోందక్కా," అంటూ లోపలికొచ్చాడు డ్రైవరు. అతణ్ణి నిదానం అంటారు. స్టీరింగు పట్టుకుంటే అతనిలో మచ్చుకైనా కనపడని గుణం అదే. "ఇంకాసేపు ఎండలో ఉంటే సీటు మీద రొట్టెలు కాల్చుకోవచ్చు."

"నాకూ ఒకటి కాల్చు నాయనా," అంది మామ్మ కళ్లు తెరవకుండానే. "పొద్దుట్నుంచీ కడుపులో ఏమీ లేదు."

"తినకూడదు మామ్మా. ఆపరేషన్ ఉంటుందేమో."

"మంచమే లేదంటున్నారు, ఆపరేషన్ ఎక్కడ చేస్తారే? ఈ తోపుడుబండి మీదా?"

వరండా పొడవునా అదే వరస. ఒక్కో స్ట్రెచర్, దాని పక్కన నీలం చొక్కా వేసుకున్న ఒక్కో మనిషి. బయట వాలుదారి మీద వాళ్ల బండ్లు ఒకదాని వెనక ఒకటి ముక్కు ఆనించుకుని నిలబడ్డాయి. కూర్చోగలిగిన రోగుల్ని ఎప్పుడో బల్లల మీదికి మార్చేశారు. మిగిలింది లేవలేనివాళ్లే.

ఈ కష్టం ఎక్కడ మొదలైందో వెనక్కి తిరిగి చూసుకుంటే బేరాలక్కకు కనపడేది తను గెలిచిన గెలుపే. ఒకప్పుడు అంబులెన్సువాళ్లు రోగిని తెస్తే, మంచం లేకపోతే నేల మీద దించిపొమ్మనేవారు. నడుం విరిగిన తాపీ మేస్త్రి ఒకతన్ని అలాగే దించి వెళ్లింది ఆమె. మర్నాడు ఇంకో రోగితో వస్తే అతను అక్కడే ఉన్నాడు. జనం అతన్ని దాటుకుంటూ, కొందరు దాటడం కుదరక చేతి మీద కాలు వేస్తూ తిరుగుతున్నారు. ఆ తర్వాత ఆమె సంఘాన్ని కూడగట్టింది. మంచం చూపించేదాకా రోగి మా స్ట్రెచర్ దిగడు, మా మనిషి పక్కనుంచి కదలడు అని పట్టుబట్టింది. ఆస్పత్రి దిగొచ్చింది. ఆ రోజు ఆమెను భుజాల మీద ఎత్తుకోవడం ఒక్కటే తక్కువ.

కొన్నాళ్లకు ఆస్పత్రి పాత మంచాలు ఒక్కొక్కటీ కాళ్లు విరిగి గోదాములోకి వెళ్లాయి. కొత్తవి రాలేదు. ఎందుకు వస్తాయి? అంబులెన్సు స్ట్రెచర్లు ఉన్నాయి. పైగా ఒక్కోదానికీ ఉచితంగా ఒక కాపలా మనిషి. కిందామీదా పడి సాధించిన నియమం ఆస్పత్రికి లాభమై కూర్చుంది, ఊరికి నష్టమై కూర్చుంది. బండ్లు ఇక్కడ ఆగిపోతే ఊళ్లో పడిపోయినవాళ్లకు వెళ్లే బండి ఉండదు. ఈ లెక్క ఆమె ఎన్నిసార్లు వేసినా అంతే తేలుతోంది.

అందుకే ఇవాళ సూపరింటెండెంటుని కలవాలని కబురు పెట్టింది. వరండాకి కొన్ని చక్రాల మంచాలు కావాలి, రోగి రాగానే దాని మీదికి మార్చాలి, బండి వెళ్లిపోవాలి. అంతే అడగదలుచుకుంది.

"అక్కా, ఆయన రమ్మంటున్నాడు," అన్నాడు నిదానం. "గట్టిగా అడుగు. మొన్నటిలా నవ్వుతూ టీ తాగి రాకు."

"తాగకపోతే ఇంకేం వస్తుందిరా అక్కడ? నువ్వు మామ్మ దగ్గరుండు."

సూపరింటెండెంటు మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు. టీ తెప్పించాడు. ఆమె చెప్పిందంతా తల ఊపుతూ విన్నాడు. బేరాలక్కకు చిన్నప్పటి నుంచి ఒక అలవాటు. కొట్లో నాన్న పక్కన కూర్చుని కొనేవాళ్లను చూసేది. గుడ్డను చూసేవాడితో బేరం కుదిరేది, వాకిలి వైపు చూసేవాడితో కుదిరేది కాదు. ఇప్పుడు ఈయన కళ్లు వాకిలి వైపే ఉన్నాయి.

"మీరు చెప్పింది నిజమేనమ్మా," అన్నాడు. "మంచాల కోసం పైకి రాస్తూనే ఉన్నాను. పైవాళ్లు ఒక్కటే అడుగుతారు. వరండాలో రోగి నేల మీద ఉన్నాడా అని. లేడు. మీ పుణ్యమా అని ఒక్కడూ నేల మీద లేడు. ఇక మంచం ఎందుకంటారు."

"బండ్లు ఆగిపోతున్నాయి కదా సార్."

"బండ్లు నా శాఖ కాదు."

"మరి బయట జనం?"

"లోపలికొచ్చాక నా జనం," అన్నాడాయన, మాట కటువుగా వచ్చిందని గ్రహించి టీ కప్పు ముందుకు జరిపాడు. "పోనీ, మీ నియమం మీరే ఎత్తేయండి. పాత పద్ధతికి వెళ్దాం. రోగిని దించేసి వెంటనే వెళ్లిపోండి. వరండా నిండా జనం నేల మీదుంటే పైవాళ్లు మంచాలు ఇస్తారు. నిజంగా ఇస్తారు."

"ఎప్పటికి?"

ఆయన టీ కప్పు ఇంకాస్త ముందుకు జరిపాడు. ఈ బేరంలో తన చేతిలో ఏముందని బేరాలక్క తడుముకుంది. వ్యాపారి సరుకు ఆపితే ధర పెరుగుతుంది, గిరాకీ వెతుక్కుంటూ వస్తుంది. తన దగ్గరున్న సరుకు ఆపితే ఎవరో ఇంట్లో పడి ఉన్న మనిషి అలాగే ఉండిపోతాడు. ఈ సంగతి తనకు తెలుసు, ఎదురుగా ఉన్నాయనకీ తెలుసు. అవతలివాడికి తెలిసిపోయాక ఇక దాచుకునేదేముంది?

అప్పుడే ఫోన్ మోగింది. కంట్రోల్ రూమ్ అమ్మాయి.

"అక్కా, పాత మార్కెట్ వీధిలో గడియారాలు బాగుచేసే ఆయన షాపులోనే పడిపోయాడు. మూతి ఒక పక్కకి పోయింది, మాట రావట్లేదట. పక్షవాతంలా ఉంది. మీరు తప్ప దగ్గర్లో ఎవరూ లేరు. వదిలించుకుని రాగలరా?"

"చూస్తాను, ఫోన్ పెట్టకు," అని, ఫోన్ చేతిలో పట్టుకునే సూపరింటెండెంటు వైపు తిరిగింది. "సార్, మిగతావన్నీ తర్వాత. ఇప్పుడు ఒక్క మంచం. మనిషి చేయీ కాలూ మాటా పోయేలా ఉన్నాయి."

ఆయన నిజంగానే ప్రయత్నించాడు. హెడ్ నర్సును పిలిచాడు. ఆవిడ వచ్చి, వార్డుల్లో ఒక్కో మంచం మీద ఇద్దరిద్దరు పడుకున్నారని చెప్పింది. ఆయన బేరాలక్కను చూసి గొంతు తగ్గించాడు.

"మీ రోగిని దించేసి వెళ్లండమ్మా. నేనేమీ అనను. ఒక్కసారికి ఏమవుతుంది?"

ఏమవుతుందో ఆమెకు తెలుసు. పెట్టినవాళ్లే దాటిన నియమాన్ని రేపు ఈయన ఎవరి విషయంలోనూ పాటించనక్కర్లేదు. లేచి పరుగులాంటి నడకతో వరండాలోకి వచ్చింది.

నిదానం చేతిలో తాళం పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. కబురు అప్పటికే అతని ఫోన్‌కీ వచ్చినట్టుంది. అటూ ఇటూ ఉన్న నీలం చొక్కాలన్నీ ఆమెనే చూస్తున్నాయి.

"ఎవరి రోగినైనా దించగలమా?" అని అడిగిందామె.

ఒకడు తల అడ్డంగా ఊపాడు. అతని స్ట్రెచర్ మీదున్నావిడకి ఫిట్స్ ఆగడం లేదు. ఇంకొకతని రోగికి మెడ కదపకూడదు. ఆ చివరనున్నతను ఆక్సిజన్ సంచిని చేత్తో నొక్కుతూనే ఉన్నాడు, తల కూడా ఎత్తలేదు.

"ఏమైందే?" అంది మామ్మ.

నిదానం చెప్పేశాడు.

"అయితే నన్ను దించండి. నేల నాకేం కొత్తా? పుట్టింది నేల మీదే, పిల్లల్ని కన్నదీ నేల మీదే."

"అప్పుడు నీ తుంటి విరగలేదు మామ్మా."

"దించవే. మళ్లీ మనసు మారుతుంది నాకు."

బేరాలక్క దుప్పటి నేల మీద పరిచింది. తను తల వైపు, నిదానం కాళ్ల వైపు వంగారు. చేతులు వీపు కిందికి పోనిచ్చి కొద్దిగా ఎత్తేసరికి మామ్మ నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. అరుపు కాదు. గాలి అంతా ఒక్కసారి బయటికి పోయినట్టు. రెండు చేతులూ స్ట్రెచర్ కమ్మీని పట్టుకున్నాయి. మామ్మ నోటితో దించమంటోంది, వేళ్లు మాత్రం వదలడం లేదు. ఆ వేళ్లను ఒక్కొక్కటిగా విప్పితే తప్ప దింపలేరు.

బేరాలక్క చూపు నేల మీది దుప్పటి మీద పడింది. దాని అంచు తొక్కుకుంటూ అప్పటికే ఎవరో నడిచి వెళ్లారు, కిందికి కూడా చూడకుండా.

"వదిలెయ్," అంది.

"అక్కా..."

"వదిలెయ్‌రా. నేను మామ్మని వదలకూడదు, నువ్వొక్కడివే వెళ్లు. ఈ దుప్పటి తీసుకో. ఆ వీధివాళ్ల చేత దుప్పట్లో ఎత్తించి తీసుకురా. పక్కకి తిప్పి పడుకోబెట్టు, వెల్లకిలా వద్దు. గుర్తుంటుందా?"

"స్ట్రెచర్ లేకుండా, నువ్వు లేకుండా బండి కదిపితే నా ఉద్యోగం?"

"నేను మాట్లాడతాను."

"నువ్వు మాట్లాడితే ఏమవుతుందో చూస్తూనే ఉన్నాంగా," అన్నాడు. కానీ దుప్పటి చంకలో పెట్టుకుని పరుగెత్తాడు.

బేరాలక్క కంట్రోల్ రూమ్‌కి సంగతి చెప్పింది. బయట హారన్లు మొదలయ్యాయి. నిదానం బండి అన్నిటికంటే ముందు వచ్చింది కాబట్టి అన్నిటికంటే లోపల ఉంది. అది బయటికి రావాలంటే వెనకున్నవన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి పోవాలి. డ్రైవర్లు కొందరు నీడ వెతుక్కుంటూ ఎటో పోయారు. కిటికీలోంచి ఆమెకు నిదానం నెత్తి మీద చేతులు పెట్టుకుని అరుస్తూ తిరగడం కనపడుతోంది. ఎవరో తాళం విసిరారు, అది కింద పడింది, ఇంకెవరో వెతుకుతున్నారు. సగం బండ్లు కదిలాయి.

ఫోన్ మళ్లీ మోగింది.

"వద్దులే అక్కా," అంది కంట్రోల్ రూమ్ అమ్మాయి. "చూసి చూసి వాళ్లే ఎత్తుకుని బయల్దేరారట. సరుకుల బండిలో."

"పక్కకి తిప్పమని చెప్పావా?"

"చెప్పేలోపు పెట్టేశారక్కా. మళ్లీ చేస్తే ఎత్తట్లేదు."

సరుకుల బండి వాలుదారి కింద ఆగింది. పైకి రావడానికి చోటు లేదు. నిదానానికి దారివ్వడానికి వెనక్కి జరిపిన బండ్లే ఇప్పుడు అడ్డం. ఆ వీధివాళ్లు నలుగురు కలిసి గడియారాలాయన్ని మోసుకొచ్చారు, ఒక తలుపు మీద. గడియతో సహా ఊడదీసిన చెక్క తలుపు. ఆయన వెల్లకిలా ఉన్నాడు. దారిలో వాంతి చేసుకున్నాడు, అది గొంతులోకి పోయింది. ముఖం కమిలిపోయి ఉంది.

"కింద పెట్టండి," అని కేకేసి, తన పక్కనున్నతనికి మామ్మను చూడమని సైగ చేసి, బేరాలక్క మోకాళ్ల మీద కూర్చుంది. తలుపు ఇరుకు, పక్కకి తిప్పితే మనిషి జారిపోయేలా ఉన్నాడు. ఆమె తన తొడను ఆయన వీపుకి అడ్డం పెట్టి తిప్పి, నోట్లోంచి వాంతిని వేలితో, ఆ తర్వాత గొట్టంతో లాగింది. ఊపిరి గరగరమంటూ అందుకుంది. ఆయన ఒక కన్ను ఆమెను చూస్తోంది. ఏదో అడగబోయి, ఆ అడగడం ఎలాగో మర్చిపోయినట్టు ఆగిపోయింది.

ఆయన భార్య తలుపు అంచు పట్టుకుని నిలబడి ఉంది. "ఫోన్ చేశామమ్మా," అంది. ఎవరినీ నిందించినట్టు లేదు. చేసిన పని చెప్పుకుంటోంది, అంతే. "వస్తున్నారేమోనని చాలాసేపు చూశాం."

డ్యూటీ డాక్టరు వచ్చి కంట్లో లైటు వేసి, చేయి ఎత్తి వదిలి చూశాడు. చేయి చెక్క మీద టప్‌మని పడింది. ఎప్పుడు మొదలైందని అడిగాడు. ఆలస్యమైందన్నాడు. ఊపిరితిత్తుల్లోకి కూడా పోయిందన్నాడు. స్కానింగు దగ్గర కూడా వరసే ఉందని, పిలిచేదాకా ఇక్కడే ఉంచమని చెప్పి ముందుకు పోయాడు.

"మంచం లేదు," అంది హెడ్ నర్సు. తలుపుని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. "దీని మీదే ఉండనివ్వండి. కింద రెండు వైపులా స్టూళ్లు పెడదాం."

స్టూళ్లు పెట్టారు. మామ్మ స్ట్రెచర్‌కీ తలుపుకీ మధ్య ఒక మనిషి నడిచేంత సందు మిగిలింది.

మామ్మ తల తిప్పి చూసింది. "నా వేళ్లేనే," అంది. "నేను వదిలేద్దామనుకున్నాను."

"ఊరుకో మామ్మా."

"నువ్వు విప్పేయాల్సింది."

బేరాలక్క స్ట్రెచర్ పట్టీ సరిచేసింది. విప్పి ఉంటే ఎంత పోయేది, విప్పనందుకు ఎంత పోయింది అని లోపల ఒక తక్కెడ ఊగుతూనే ఉంది. రెండు వైపులా మనుషులే ఉంటే ఏది మొగ్గిందో చూడబుద్ధి కాదు.

నిదానం వచ్చాడు. చంకలో దుప్పటి అలాగే ఉంది. తలుపు వైపు ఒకసారి చూసి, దుప్పటి మడత విప్పి గడియారాలాయన కాళ్ల మీద కప్పాడు.

సాయంత్రానికి మోసుకొచ్చినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. గ్రీజు చేతుల పెద్దాయన ఒక్కడే మిగిలాడు. అటు తిరిగి ఇటు తిరిగి, నీలం చొక్కాలవాళ్లను ఏదో అడిగి, వాళ్లు చూపిస్తే బేరాలక్క దగ్గరికి వచ్చాడు.

"మీరే వీళ్లందరికీ పెద్ద అట కదమ్మా."

"ఏం కావాలి బాబాయ్?"

"మాది సైకిల్ షాపు. ఆయన షాపు పక్కనే. ఆ తలుపు మాదే." అడగడానికి సిగ్గుపడుతున్నట్టు చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. "ఇప్పుడు అడక్కూడదు, తెలుసు. కానీ షాపు తెరిచి పడి ఉంది. జనం సైకిళ్లు ఉన్నాయి లోపల, నావి కూడా కాదు. తలుపు ఎప్పుడిస్తారో కొంచెం కనుక్కుంటారా?"

బేరాలక్క వరండా చివర దాకా చూసింది. పొద్దుట్నుంచీ నిలబడ్డ మనుషులందరూ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ అక్కడే ఉన్నారు.

"ఆయనకి మంచం దొరికాక ఇస్తారు," అంది.

"ఎప్పుడు దొరుకుతుంది?"

మధ్యాహ్నం ఆమె అడిగిన మాట కూడా దాదాపు ఇదే. సూపరింటెండెంటు అప్పుడు టీ కప్పు ముందుకు జరిపాడు. ఆమె దగ్గర టీ లేదు. తను కూర్చున్న బల్ల మీది సంచీ తీసి ఒళ్లో పెట్టుకుని కొంచెం పక్కకి జరిగింది.

"కూర్చో బాబాయ్," అంది.

సైకిల్ షాపాయన కూర్చున్నాడు. తలుపు మీద నుంచి కళ్లు తిప్పకుండా, గోడకి ఆనుకున్నాడు.