చిల్లుకాణీ మీద చివరి అంకె

నేను ఒక చిల్లుకాణీని. యుద్ధం రోజుల్లో పుట్టాను. రాగి పొదుపు చెయ్యాలని మా నడుముల్లోంచి తలా ఒక గుండ్రటి ముక్క తీసేసి, ఆ బొక్కతోనే మమ్మల్ని జనంలోకి వదిలారు. ఒక వైపు కిరీటం, సంవత్సరం. రెండో వైపు చుట్టూ ఆకుల దండ. నేను బజారులో తిరిగింది కొద్దికాలమే. దివిసీమలో ఒక పల్లెకారి ఇల్లాలు, తనకు కొడుకు పుట్టిన ఏడాది కాణీ అని నన్ను ఏరి, వాడి మొలతాడుకు గుచ్చింది. మనుషులు ఎంత పొదుపరులంటే, లేని ముక్కను కూడా ఏదో ఒక పనికి వాడుకుంటారు.

ఆ కొడుకు పెద్దవాడయ్యాడు. అతనికి మొదట ఒక మగపిల్లవాడు, మరి పదేళ్ళకు ఆడపిల్ల పుట్టారు. నేను ఆ పిల్ల నడుముకు మారాను. పిల్లకు పదో నెల నడుస్తుండగా, డెబ్బై ఏడు నవంబరులో, ఉప్పెన వచ్చింది.

ఆనాటి సంగతి ఎక్కువ చెప్పలేను. సముద్రం ఇళ్ళకంటే ఎత్తున లేచి వచ్చింది. పిల్లను అన్న చంకన వేసుకుని పరిగెత్తాడు. మొదటి అల వచ్చేవరకు ఆ చంకలోనే ఉన్నాం. తరవాత ఆ చంక లేదు. చుట్టూ ఉప్పునీళ్ళు, చీకటి, పిల్ల కేక. ఊడిపోయిన ఇంటికప్పు ఒకటి మమ్మల్ని ఎక్కడికో ఈడ్చుకుపోయి తుమ్మచెట్టు కొమ్మల్లో పడేసింది.

తెల్లారి మమ్మల్ని దింపింది రూతమ్మ. చేపలు ఎండబెట్టి అమ్ముకునే మనిషి. ఆమె భర్తా ఇద్దరు పిల్లలూ ఆ నీళ్ళల్లోనే పోయారు. ముళ్ళు గీరుకుని రక్తం కారుతున్న చేతులతో పిల్లను రొమ్ముకు అదుముకుని, "ఏడవమాకే, నేనున్నాగా" అంది. ఆ క్షణం నుంచి, పిల్ల కోసం ఎవరన్నా వస్తారేమోనని ఆమెకు భయం పట్టుకుంది.

రెండు వారాల తరవాత గంజి పోసే శిబిరంలో మైకులో ఎవరో చెప్పారు: పదినెలల ఆడపిల్ల, నడుముకు చిల్లుకాణీ, దాని మీద నలభై అయిదు అని ఉంటుంది, కనబడితే చెప్పండి. రూతమ్మకు చదువు రాదు. పక్కనున్న ఒక బడిపిల్లకు నన్ను చూపించి, "ఏవుందమ్మా దీని మీద?" అని అడిగింది.

"నలభై అయిదు అత్తా."

ఆ మధ్యాహ్నం ఆమె నన్ను ఒక గరుకురాతి మీద పెట్టి అరగదీసింది. అంతకుముందు ముప్పై ఏళ్ళు నన్ను చర్మం అరగదీసింది గాని, అది నొప్పి తెలియని అరుగుదల. ఇది అలా కాదు. కిరీటం పోయింది, అంకెలు పోయాయి. ఆమె కన్నీళ్ళు రాతి మీద పడుతుంటే వాటితోనే నూరింది. తరవాత నన్ను ఎప్పటిలాగే పిల్ల మొలతాడుకు కట్టింది. పారెయ్యలేదు. ఎందుకో ఆమెకే తెలియదు.

పిల్లకు దయామణి అని పేరు పెట్టింది. ఉప్పెనలో దొరికిన సంగతి దాచలేదు, ఊరంతటికీ తెలిసిందే. దాచింది ఆ అంకె ఒక్కటే. గుమ్మంలో కొత్త మనిషి నిలబడితే చాలు, రూతమ్మ చేతిలో గిన్నె జారేది.

ఇరవై ఒక్కేళ్ళకు ఆ మనిషి వచ్చాడు. పేరు నాంచారయ్య, ఐసు లారీ తోలుతాడు. దయామణికి అప్పటికి పెళ్ళయి ఏడాది పాప ఉంది. నేను ఆ పాప నడుముకున్నాను. లారీ ఆపి మంచినీళ్ళు అడిగిన మనిషి, చాప మీద పాకుతున్న పాపను చూసి అక్కడే గొంతుక్కూర్చున్నాడు.

"ఈ కాణీ ఎక్కడిదమ్మా?"

"నాదేనండి. ఉప్పెనలో దొరికినప్పుడు నా నడుముకుందంట."

అతని బొటనవేలు నా మీద అంకె కోసం వెతికింది. "మా నాన్నదీ ఇలాంటిదే. నలభై అయిదుది. మా చెల్లెలికి కట్టారు."

చేపలు తిరగేస్తున్న రూతమ్మ తల ఎత్తకుండానే అంది: "ఈ చుట్టుపక్కల ప్రతి పిల్లకీ చిల్లుకాణీ ఉండేది బాబూ. అరిగిపోయింది, ఇంకేం తెలుస్తది. ఎళ్ళు."

"తెలుసుకునే దారి ఏవన్నా ఉందా అండి?" అని దయామణి అడిగింది.

బందరులో గౌస్ మాస్టారని, రిటైరైన పంతులుగారు, పాత నాణేల మీద మాసిపోయిన సంవత్సరాలు చెబుతారని నాంచారయ్య విన్నాడట. వచ్చే శనివారం అక్కడే కలుద్దామనుకున్నారు.

శనివారం బస్సులో రూతమ్మ దయామణిని అడిగి నన్ను తీసుకుంది. కాలువ వంతెన రాగానే చేయి కిటికీలోంచి బయటికి చాపింది. కింద నల్లటి నీళ్ళు. నాకు నీళ్ళంటే ఏమిటో తెలుసు. ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విప్పుకుంటున్నాయి. సరిగ్గా అప్పుడు నిద్రలో దయామణి తల వచ్చి ఆమె భుజం మీద వాలింది. వేళ్ళు మళ్ళీ ముడుచుకున్నాయి. వంతెన దాటిపోయింది.

గౌస్ మాస్టారు నన్ను భూతద్దం కింద పెట్టి, పక్క నుంచి లైటు వేసి చూశారు. పెదవి విరిచారు. "పైన ఏం లేదమ్మా. కాని అచ్చు కొట్టినప్పుడు లోహం లోపల దాకా నొక్కుకుపోతుంది. సన్నగా వేడి చేస్తే ఆ నొక్కిన చోట రంగు వేరుగా తేలచ్చు. వేడి ఎక్కువైతే అదీ ఉండదు. ఒక్కసారే చూడగలం." ఇంత శాస్త్రమూ చెప్పి ఆయన వంటింట్లోంచి తెచ్చింది అట్లపెనం.

పెనం కింద స్టవ్వు వెలిగింది. నా ఒళ్ళు కాలడం మొదలైంది. నాలోని అంకె నాకు తెలుసు. నోరుంటే చెప్పేదాన్నో లేదో మాత్రం తెలియదు, ఎందుకంటే ఎదురుగా రూతమ్మ మొహం చూస్తున్నాను.

"ఆపండి మాస్టారండీ," అంది ఆమె. "అరిగింది కాదది. నేనే అరగదీశా. మైకులో చెప్పింది ఇన్నాను. ఇనే అరగదీశా."

దయామణి తల్లి వైపు చూడలేదు. "వేడి చెయ్యండి మాస్టారూ," అంది.

నేను ముందు పసుపయ్యాను, తరవాత ఇటుక రంగు, తరవాత ఊదా. అంకెలున్న చోట రంగు ఎక్కడం ఆలస్యమైంది. "చదువమ్మా, త్వరగా" అన్నారు మాస్టారు. దయామణి వంగింది.

"ఒకటి. తొమ్మిది. నాలుగు." ఆగింది. "అయిదు."

ఆ చివరి అంకె నాలుగు ఊపిరుల సేపు ఉండి నల్లబడిపోయింది. ఇప్పుడు నా మీద ఏ ఏడాదీ లేదు.

నాంచారయ్య గోడకు జారగిలబడి కూర్చుండిపోయాడు. అతను సంతోషిస్తాడనుకున్నాను. అతను మాత్రం నేలకేసి చూస్తూ అన్నాడు: "నిన్ను తీసకపోదామని రాలేదమ్మా. అల వచ్చినప్పుడు చెట్టు పట్టుకోడానికి నేనే చెయ్యి వదిలేశా. నీళ్ళు లాగేశాయని అందరికీ చెప్పా. నువ్వు బతికుంటే ఏమంటావో అని ప్రతి ఊళ్ళో ఎతుకుతా, దొరకకపోతే బాగుండునని కూడా అనుకునేవాణ్ణి."

వదిలేసినవాడూ పట్టుకున్నదీ చెరో మూల కూర్చుని ఆ పిల్ల నోటికేసి చూస్తున్నారు. ఇరవై రెండేళ్ళు నిండని పిల్ల, ఒళ్ళో పాప.

"మా అమ్మ పేరేంటండి?" అని అడిగింది.

"నాగేంద్రం."

ఆ పేరు ఒకసారి తనలో తను అనుకుంది. అమ్మ అనే మాట వేరొకరి పేరు పక్కన వినగానే రూతమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"మీకప్పుడు ఎన్నేళ్ళు?"

"పదకొండు."

"పదకొండేళ్ళ చెయ్యి ఎంతని పట్టుకుంటది అన్నా," అంది దయామణి. అతను అప్పుడు ఏడ్చాడు. రూతమ్మతో మాత్రం ఆమె ఒక్క మాటా అనలేదు.

బస్టాండు దాకా అనలేదు. బస్సు వచ్చింది. దయామణి పాపను ఎత్తుకుని ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. చల్లారీ చల్లారని నేను ఆమె గుప్పిట్లో ఉన్నాను. నాంచారయ్య కింద నిలబడ్డాడు. అతని పక్కన రూతమ్మ, ఎక్కొచ్చో లేదో తెలియక, చెప్పుల వైపు చూసుకుంటూ. ఇంజను మోగింది. ఆమె కదల్లేదు. నా చుట్టూ దయామణి గుప్పిట బిగుసుకుంది, తడిసింది.

కండక్టరు రైట్ అనబోయే ముందు దయామణి కిటికీలోంచి మొహం బయటపెట్టింది. కళ్ళల్లో కోపం అలాగే ఉంది.

"అమ్మా," అంది, "ఎక్కవేం? పిల్లని ఎవరు పట్టుకుంటారు?"

రూతమ్మ రెండు చేతులతో కమ్మీ పట్టుకుని ఎక్కింది. సీటు దాకా వచ్చి, పాప కోసం ఆ చేతులు రెండూ చాచింది.